రెండు పూడిపోయిన రేవులు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇక్కడ మనమందరం చేసే పని ఒకటే. మొదటి వీకెండు గోల్డెన్ గేట్ బ్రిడ్జి. రెండో వీకెండు లివర్‌మోర్ గుడి. మూడోది మాంటెరే దగ్గర పదిహేడు మైళ్ళ డ్రైవు. నాలుగోది ఎవరో ఒకరి పిల్లాడి పుట్టినరోజు. ఐదో వీకెండుకి మన దగ్గర సరుకు అయిపోతుంది. వాళ్ళ వీసాకి మాత్రం ఇంకా నాలుగున్నర నెలలు మిగిలే ఉంటాయి. అమ్మ ఏదో రకంగా సర్దుకుపోతుంది. ఆవిడకి వంటిల్లుంది, మనవరాలుంది, పక్క అపార్టుమెంట్లో కరీంనగర్ పిన్నిగారున్నారు. ఎటొచ్చీ నాన్నతోనే ఇబ్బంది.

మా నాన్న కాకినాడ పోర్టు ఆఫీసులో ముప్పయ్యేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. కాకినాడలో ఆయన సాయంత్రాలన్నీ నీటి ఒడ్డునే గడిచాయి. సన్నీవేల్‌లో మా కాంప్లెక్సు చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి, నాలుగో దాంట్లో ఆగి అడిగారు: "ఏరా, ఇక్కడ సముద్రం ఎటు?"

నేను ఫోను తీసి మ్యాపు చూపించాను. ఉత్తరంగా నాలుగు మైళ్ళలో నీలం రంగు కనిపిస్తోంది. చూపించాక నాకే సిగ్గేసింది. ఈ ఊళ్ళో ఏడేళ్ళుగా ఉంటున్నాను. ఆ నీలం రంగుకి కూతవేటు దూరంలో ఉన్న ఆఫీసుల్లో మూడు ప్రాజెక్టులు చేశాను. కానీ ఆ నీటి ఒడ్డుకి ఒక్కసారైనా వెళ్ళలేదు. మనకీ దానికీ మధ్య 237 ఫ్రీవే, దాని అవతల ఆఫీసు క్యాంపసులు, వాటి అవతల ఊరి మురుగునీరు శుద్ధి చేసే ప్లాంటు, మూసేసిన చెత్త గుట్టలు ఉన్నాయి. ఊరు సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. మనం కూడా ఊరితోపాటే అటు వీపు పెట్టి కూర్చున్నాం.

ఆ ఆదివారం బేలాండ్స్ పార్కుకి వెళ్ళాం. కారు దిగగానే నాన్న ముక్కు ఎగబీల్చి నవ్వారు. నాకు వచ్చింది కుళ్ళు కంపు. ఆయనకి మాత్రం అది చిన్నప్పటి తాళ్ళరేవు. "ఇది సముద్రం కాదురా, ఉప్పుటేరు. పాటు మీదుంది. బురద తేలింది కాబట్టి వాసన" అన్నారు. పోటు అంటే నీరు పైకి ఎక్కడం, పాటు అంటే దిగిపోవడం. రెండు మాటలూ నాకు తెలిసినవే. వాటిని అసలు అర్థంలో వాడిన మనిషిని మాత్రం చాలా ఏళ్ళ తర్వాత చూశాను.

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం దక్షిణం కొన ఇది. గ్వాడలూపె నది, కయోటీ క్రీకు తెచ్చే మంచినీళ్ళూ, గోల్డెన్ గేటు కింద నుంచి రోజుకి రెండుసార్లు లోపలికొచ్చే సముద్రపు నీళ్ళూ ఇక్కడ కలుస్తాయి. ఆ రెండూ కలిసిన చోట బురద పేరుకుంటుంది. బురదలో పురుగులు, పురుగుల కోసం పక్షులు, వాటిని చూడటానికి వీకెండులో మనుషులు. ఇక్కడి పాయల్లో ఒకదాని ఒడ్డున, మా ఇంటికి పది నిమిషాల దూరంలో అల్వీసో అనే చిన్న ఊరుంది. అదొకప్పుడు రేవు పట్నం. నేనీ వ్యాసం మొదలుపెట్టింది దాని కోసం. రాస్తూ రాస్తూ ఇంకో రేవు దగ్గర తేలాను. అది కోరంగి.

ముందు అల్వీసో సంగతి చెప్తాను. వేల ఏళ్ళపాటు ఈ ఒడ్డున ఓలోనీ జాతి జనం బతికారు. తుంగ లాంటి జమ్ముగడ్డిని కట్టలు కట్టి పడవలు చేసుకుని ఈ పాయల్లో తిరిగారు. గుల్లలు ఏరుకు తిన్నారు, ఎండకి ఇంకిన ఉప్పు తీసుకున్నారు. 1777లో స్పెయిన్ పాద్రీలు శాంటా క్లారా మిషన్ కట్టాక వాళ్ళ బతుకు వాళ్ళ చేతుల్లోంచి పోయింది. అంతకు ముందు ఏడాదే యాన్సా నాయకత్వంలో మెక్సికో నుంచి కాలినడకన, గుర్రాల మీద ఇక్కడికి చేరిన వలస బృందంలో ఒక చిన్న పిల్లాడున్నాడు. పేరు ఇగ్నాసియో అల్వీసో. పెద్దయ్యాక మిషన్ వ్యవహారాలు చూశాడు. 1838లో మెక్సికో ప్రభుత్వం అతనికి ఇక్కడ పెద్ద భూమి రాసిచ్చింది. ఆ భూమి పేరు రింకోన్ దె లోస్ ఎస్తెరోస్. తెలుగులో చెప్పాలంటే 'ఉప్పుటేళ్ళ మూల'. పేరు విని నాన్న "సరిగ్గా పెట్టారు" అన్నారు, ఏదో ఫైలు మీద సంతకం పెడుతున్నట్టు.

కాలిఫోర్నియా అమెరికా చేతికొచ్చి, బంగారం దొరికి, మొదటి రాజధానిగా శాన్‌హొసేని పెట్టుకున్న రోజుల్లో ఈ లోయకి రోడ్డంటూ సరైనది లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చే మనిషైనా సరుకైనా అల్వీసోలో దిగాల్సిందే. ఎగుమతులంటే ముందు పశువుల తోళ్ళు, కొవ్వు. తర్వాత గోధుమలు. న్యూ ఆల్మడెన్ గనుల పాదరసం కూడా ఇక్కణ్ణుంచే వెళ్ళేది. రాతి నుంచి బంగారం విడదీయడానికి పాదరసం కావాలి కాబట్టి దానికి చాలా గిరాకీ. 1852లో అల్వీసో పట్టణంగా నమోదైంది. మరుసటి ఏడాది ఏప్రిల్ 11న ఇక్కణ్ణుంచి శాన్‌ఫ్రాన్సిస్కో బయల్దేరిన జెన్నీ లిండ్ అనే స్టీమరు బాయిలరు పేలి ముప్పైమందికి పైగా చనిపోయారు. అయినా రేవు ఆగలేదు. ఆపింది రైలు. 1864 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్‌హొసేల మధ్య రైలుమార్గం పూర్తయింది. దాని దారి అల్వీసో మీదుగా కాదు. అప్పటిదాకా పడవ ఎక్కినవాళ్ళంతా రైలెక్కారు.

కథ ఇంతే అనుకున్నాను. నాన్న ఒప్పుకోలేదు. అల్వీసో మెరీనాలో ఇప్పుడున్న చెక్క వంతెన మీద నిలబడి రెల్లు వైపు చూపించి అడిగారు: "రైలొస్తే బేరం పోద్ది గానీ, నీళ్ళెలా పోతాయిరా? ఇక్కడ పడవలు కట్టిన జాగాలో గడ్డెందుకు మొలిచింది?"

నిజమే. ఒకప్పుడు పడవలు వరసగా కట్టేసిన ఆ మెరీనా నిండా ఇప్పుడు రెల్లే. ఇంటికొచ్చి చదివితే నాన్న ప్రశ్నకి జవాబు దొరికింది. ఆ జవాబు పేరు ఉప్పు. పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచీ ఈ అఖాతం ఒడ్డున ఉప్పుమళ్ళు కట్టడం మొదలుపెట్టారు. పోటు నీళ్ళు పరుచుకునే చిత్తడి నేల చుట్టూ మట్టి గట్లు వేసి, నీళ్ళు బంధించి, ఒక మడి నుంచి ఇంకో మడికి తోస్తూ ఎండబెట్టడం. మన పెనుగుదురు, నౌపడా వైపు చేసే పనే. ఇక్కడ మాత్రం చాలా పెద్ద ఎత్తున. అఖాతం నీరు ఉప్పు కావడానికి దాదాపు ఐదేళ్ళు పడుతుంది. ఇరవయ్యో శతాబ్దానికి లెస్లీ సాల్ట్ కంపెనీ, 1978 తర్వాత కార్గిల్ కంపెనీ ఈ దక్షిణపు ఒడ్డంతా మళ్ళు చేసుకున్నాయి.

ఇది వివరిస్తుంటే నాన్న మధ్యలోనే అందుకున్నారు. "అదీ సంగతి. పోటుకి వచ్చిన నీళ్ళు పరుచుకోవడానికి జాగా ఉండాలి. ఆ నీళ్ళన్నీ పాటుకి ఒక్కసారిగా దిగేటప్పుడు ఏటి అడుగున ఉన్న మట్టిని ఊడ్చుకుపోతాయి. జాగాకి గట్టేస్తే ఊడ్చే నీళ్ళుండవు. ఏరు పూడుద్ది. మేం లక్షలు పోసి డ్రెజ్జింగు చేసేది అందుకే." కాలేజీ డిగ్రీ పూర్తి చెయ్యని మనిషి, ఇక్కడి జలశాస్త్రవేత్తలు రిపోర్టుల్లో రాసిన విషయం నాలుగు ముక్కల్లో చెప్పారు. నా మాస్టర్స్ డిగ్రీ ఆ కాసేపూ కారు డిక్కీలో పడుకుంది.

ఇక కోరంగి. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో, గౌతమీ గోదావరి పాయ పక్కన ఉంటుంది. ఇప్పుడా పేరు చెబితే అందరికీ మడ అడవి, పడవ షికారు గుర్తొస్తాయి. రెండొందల ఏళ్ళ కిందట అది ఈ తీరంలో పేరుమోసిన రేవు. పక్కనే యానాంలో ఫ్రెంచివాళ్ళు, ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ళు. కోరంగిలో ఓడలు కట్టేవారు, దెబ్బతిన్న ఓడల్ని బాగు చేసేవారు. 1789 డిసెంబరులో తుఫానుతో పాటు సముద్రం పెద్ద అలలుగా ఊరి మీదకి వచ్చింది. 1839 నవంబరులో మళ్ళీ వచ్చింది. కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన బంగాళాఖాతం తుఫానుల గురించి వివరాలు పోగుచేసి పరిశోధించేవాడు. కోరంగి ఉప్పెన గురించి కూడా రాశాడు. 'సైక్లోన్' అనే మాట పుట్టించింది ఆయనే. 1848లో అచ్చయిన ఆయన పుస్తకంతో ఆ మాట ప్రపంచమంతా పాకింది. తుఫానులు కొట్టినదానికి తోడు గోదావరి తెచ్చిన ఒండ్రు మొగని మూసేస్తూ వచ్చింది. ఓడలు కాకినాడకి మళ్ళాయి.

అంటే అల్వీసో కథే. ఒక తేడా ఉంది. అల్వీసోలో ఒక వలస మనిషి పేరు రేవుకి పెట్టారు. కోరంగి విషయంలో రేవు పేరు వలస మనుషులకి పెట్టారు.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ తీరం నుంచి తెలుగువాళ్ళు మారిషస్‌కి, బర్మాకి, మలయాకి కూలికి వెళ్ళారు. కోరంగిలో ఓడెక్కి వచ్చారు కాబట్టి బర్మాలో వాళ్ళని 'కొరంగీలు' అన్నారు. కోరంగి పూడిపోయింది, ఓడలు కాకినాడ నుంచీ విశాఖపట్నం నుంచీ కళింగపట్నం నుంచీ బయల్దేరాయి. అయినా పేరు మారలేదు. శ్రీకాకుళం వాడైనా, గంజాం వాడైనా రంగూన్‌లో దిగగానే కొరంగీయే. ముందు ఊరి గుర్తుగా మొదలైన మాట, తర్వాత తిట్టుగా మారింది. రంగూన్ రేవులో సరుకు ఎత్తీ దించీ చేసే కూలీల్లో ఎక్కువమంది వీళ్ళే. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీల్ని పెట్టుకున్నాయి. సమ్మె తెగి వీళ్ళు తిరిగి పనిలోకి రాగానే వాళ్ళని పొమ్మన్నారు. దాంతో అల్లర్లు లేచి వందమందికి పైగా చనిపోయారు. పన్నెండేళ్ళ తర్వాత, 1942లో, జపాన్ సైన్యం వస్తుంటే మిగిలినవాళ్ళలో చాలామంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ళ లెక్క సరిగా ఎవరూ రాయలేదు.

మా నాన్న తాతగారు ఆ కొరంగీల్లో ఒకరు. 1920ల్లో కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళారు. కొన్నాళ్ళు డబ్బులొచ్చాయి. 1930 తర్వాత డబ్బూ లేదు, కబురూ లేదు. అల్లర్లలో పోయారో, జబ్బు చేసి పోయారో, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నారో తెలీదు. మా ఇంట్లో ఆయన గురించి మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఇదంతా నాన్న నాకు చెప్పింది అల్వీసోలో, ఒక పాత ఇటుక గోడ పక్కన నిలబడి. ఆ గోడ సంగతి కూడా చెప్పాలి.

అల్వీసోలో హోప్ స్ట్రీట్ అని ఒక వీధుంది. కాకినాడ వాళ్ళకి ఈ పేరు వినగానే హోప్ ఐలాండ్ గుర్తొస్తుంది. ఆ రెంటికీ సంబంధం లేదు, పేరొకటే. ఆ వీధిలో బేసైడ్ క్యానింగ్ కంపెనీ భవనం ఇంకా నిలిచి ఉంది. 1906 భూకంపం తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఇక్కడికి వచ్చిన చైనీయుల పండ్ల డబ్బాల ఫ్యాక్టరీ అది. తండ్రి మొదలుపెట్టినదాన్ని కొడుకు థామస్ ఫూన్ చ్యూ పెంచాడు. పచ్చ ఆస్పరాగస్‌ని మొదట డబ్బాల్లో పెట్టింది ఇతనే అంటారు. 1920ల్లో దేశంలో డెల్ మాంటే, లిబ్బీ తర్వాత మూడో స్థానం ఈ ఫ్యాక్టరీదే. సన్నీవేల్‌లో ఉండేవాళ్ళకి లిబ్బీ తెలిసే ఉంటుంది. ఫ్రూట్ కాక్‌టెయిల్ డబ్బా బొమ్మ వేసిన ఆ నీళ్ళ ట్యాంకు మనూళ్ళో ఇప్పటికీ ఉంది కదా. మనం రోజూ చూసే ఐటీ ఆఫీసుల కింద ఉన్న నేలంతా ఒకప్పుడు ఆప్రికాట్, ప్రూన్ తోటలే.

థామస్ ఫూన్ చ్యూ ఎదిగిన కాలం ఎలాంటిదో గుర్తుపెట్టుకోవాలి. 1882 చట్టంతో చైనా కూలీల రాకని నిషేధించారు. అది 1943 దాకా ఉంది. 1913లో కాలిఫోర్నియా చట్టం ఆసియావాళ్ళని సాగుభూమి కొనుక్కోనివ్వలేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు పౌరసత్వానికి పనికిరారని తేల్చింది. 1965లో చట్టం మారకపోతే నేనీ ముక్క సన్నీవేల్‌లో కూర్చుని రాసేవాణ్ణి కాదు. అలాంటి రోజుల్లో చైనా నుంచి చిన్నప్పుడే వచ్చిన మనిషి అంత పెద్ద ఫ్యాక్టరీ నడిపాడు. 1931లో నిమోనియాతో చనిపోయాడు, నలభై రెండేళ్ళకే. కొన్నేళ్ళకి ఫ్యాక్టరీ మూతపడింది.

ఇదంతా నేను ఉత్సాహంగా చెప్పుకుంటూ పోయాను. నాన్న ఓపిగ్గా విని ఒకటే ప్రశ్న వేశారు: "ఓనరు పేరు తెలిసింది. లోపల డబ్బాలు మూసినోళ్ళ పేర్లెక్కడున్నాయి?" చైనీయులు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, మెక్సికన్లు, ఇంకా ఎక్కడెక్కడి వాళ్ళో పనిచేశారని చెప్పాను. "అది జాతి పేరు. మనిషి పేరు అడిగాను." ఆ తర్వాతే తాతగారి సంగతి చెప్పారు. రంగూన్‌లో కంపెనీ పుస్తకంలో ఆయన్ని ఏ పేరుతో రాసుకున్నారో, అసలు రాసుకున్నారో లేదో అని చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు అనుకునేవారట.

నాకు జవాబు తోచలేదు. మా పనిలో క్లయింటు మీటింగుల్లో మమ్మల్ని 'రిసోర్సులు' అంటారు. "నలుగురు రిసోర్సులు కావాలి, ఇద్దరు ఆఫ్‌షోరు" అని నేను కూడా ఎన్నోసార్లు అన్నాను. కొరంగీకీ దీనికీ పోలికేమిటి అని మీరనొచ్చు. మా మీద ఎవరూ కర్రలెత్తలేదు, నిజమే. ఏసీ గదుల్లో కూర్చుని మూటలు మోసినవాళ్ళతో పోల్చుకోవడం కాస్త అతిగానే ఉంటుంది. కానీ మనిషి పేరు తీసి ఆ చోట ఇంకో మాట పెట్టడం ఎంత సులువో మాత్రం ఆ గోడ దగ్గర తెలిసింది.

సరే, అల్వీసోకి తర్వాత ఏమైందో చూద్దాం. పండ్ల తోటలకీ, పెరిగే ఊళ్ళకీ నీళ్ళ కోసం లోయంతా బోర్లు వేసి తోడారు. నేల కింద బంకమట్టి పొరల్లో ఉన్న నీరు పోయేసరికి ఆ పొరలు అణిగిపోయాయి. ఒకసారి అణిగిన బంకమట్టి మళ్ళీ నీళ్ళిచ్చినా లేవదు. శాన్‌హొసే నడిబొడ్డు సుమారు 13 అడుగులు కిందికి దిగింది. భూగర్భజలం తోడటం వల్ల నేల కుంగుతుందని అమెరికాలో మొదట గుర్తించింది ఈ లోయలోనే. బయటి నుంచి కాలవల ద్వారా నీళ్ళు తెచ్చాక 1970 ప్రాంతానికి కుంగడం ఆగింది. కానీ అప్పటికే అల్వీసో సముద్రమట్టం కంటే కిందికి పోయింది. 1968లో స్వల్ప తేడాతో గెలిచిన ఓటింగుతో ఊరు శాన్‌హొసేలో కలిసిపోయింది. 1983లో కయోటీ క్రీకు పొంగి ఊరంతా నీళ్ళలో మునిగింది. ఇప్పటికీ అక్కడ కొన్ని ఇళ్ళని ఎత్తు మీద కట్టుకోవడం చూడొచ్చు.

ఇంకొంచెం ఉత్తరాన డ్రాబ్రిడ్జి అనే ఊరుంది. ఉండేది అనాలి. 1876లో నారోగేజి రైలు వేసినప్పుడు పాయల మీద రెండు తెరిచే వంతెనలు కట్టి, వాటిని తెరిచి మూసేవాడి కోసం ఒక గుడిసె వేశారు. బాతుల వేటకి వచ్చినవాళ్ళు దాని చుట్టూ గుంజల మీద ఇళ్ళు కట్టుకున్నారు. 1920ల్లో తొంభై దాకా ఇళ్ళుండేవి. తర్వాత ఉప్పుమళ్ళు వచ్చాయి, మురుగు వచ్చింది, నేల కుంగింది. జనం ఇంకా ఉండగానే పత్రికలు దాన్ని దెయ్యాల ఊరని రాశాయి. అది చదివి కుర్రాళ్ళొచ్చి కిటికీలు పగలగొట్టారు, సామాన్లెత్తుకుపోయారు. ఆఖరి మనిషి 1979లో ఊరొదిలాడు. ఇప్పుడక్కడికి వెళ్ళనివ్వరు. శాంటా క్లారా నుంచి ఫ్రీమాంట్ వైపు రైలెక్కితే కిటికీలోంచి బురదలోకి ఒరిగిపోతున్న ఆ కొయ్య ఇళ్ళు కనిపిస్తాయి. మా అమ్మాయికి ఈ ప్రయాణంలో అన్నిటికంటే నచ్చింది అదే. "తాతయ్యా, ఊరు మునుగుతోంది!" అని డబ్బా అంతా వినపడేలా అరిచింది.

ఇక్కడి నుంచి కథ కొంచెం మంచి మలుపు తిరుగుతుంది. ఈ అఖాతం తన చిత్తడి నేలల్లో 85 శాతం దాకా పోగొట్టుకున్నాక, ఒడ్డున ఉండే మామూలు జనం ఏళ్ళ తరబడి తిరిగితే 1972లో కాంగ్రెసు ఇక్కడ వన్యప్రాణి శరణాలయానికి చట్టం చేసింది. దానికి సాయపడిన కాంగ్రెసు సభ్యుడు డాన్ ఎడ్వర్డ్స్ పేరు 1995లో దానికి పెట్టారు. 2003లో 16,500 ఎకరాల ఉప్పుమళ్ళని పది కోట్ల డాలర్లకి కార్గిల్ నుంచి ప్రభుత్వాలు, దాతృత్వ సంస్థలు కలిసి కొన్నాయి. అందులో 15,100 ఎకరాలు ఈ దక్షిణపు ఒడ్డునే. గట్లు తెంచి మళ్ళీ పోటు నీళ్ళని లోపలికి రానివ్వడం మొదలుపెట్టారు. 2016లో తొమ్మిది కౌంటీల జనం, ఒక్కో స్థలానికి ఏడాదికి 12 డాలర్ల పన్ను కట్టడానికి ఒప్పుకుని ఓటేశారు. మీరిక్కడ ఇల్లు కొనుక్కుని ఉంటే మీరూ ఆ పన్ను కడుతున్నారు.

అన్ని గట్లూ తెంచెయ్యడం కుదరదు. నూట యాభై ఏళ్ళలో కొన్ని పక్షులు ఉప్పుమళ్ళకే అలవాటుపడ్డాయి, అందుకని కొన్ని మళ్ళని అలాగే ఉంచుతున్నారు. అల్వీసో పక్కన ఒక మడిని ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా తెరవాల్సి వచ్చింది. కారణం పాదరసం. గ్వాడలూపె నది న్యూ ఆల్మడెన్ గనుల నుంచి మోసుకొచ్చిన పాదరసం బురదలో దాక్కుని ఉంది. కదిపితే చేపల్లోకి, పక్షుల్లోకి పోతుంది. ఓడలెక్కి పోయిందనుకున్న సరుకులో కొంత ఇక్కడే ఉండిపోయిందన్నమాట. చేపలు తినే ముందు జాగ్రత్త అని రాసిన బోర్డు చూసి మా అమ్మ ఆ రాత్రి ఇంట్లో చేపల పులుసు మానేసింది, అది కాస్ట్‌కోలో కొన్న చేపే అయినా.

నాన్న మాత్రం "ముందు గట్టేశారు, ఇప్పుడు తెంపుతున్నారు. రెండుసార్లూ కాంట్రాక్టరుకే లాభం" అని నవ్వారు. నవ్వాక 1996 గురించి చెప్పారు. ఆ నవంబరు తుఫాను మా వైపు వాళ్ళెవరూ మర్చిపోలేరు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, మంచం మీద కూర్చుని ఇంటి పెంకులు ఎగరడం వినడం గుర్తుంది. మడ అడవి అడ్డున్న చోట అలలు మెత్తబడ్డాయనీ, రొయ్యల చెరువుల కోసం మడ నరికిన చోట జనానికి బాగా దెబ్బ తగిలిందనీ నాన్న అంటారు. ఇక్కడ అల్వీసో ఒడ్డున చిత్తడి తిరిగి పెంచడానికి చెప్పే కారణాల్లో కూడా అదొకటి. పెరిగే సముద్రానికి ముందు గడ్డి అడ్డు, దాని వెనక గట్టు. కోరంగి మడ అడవిని 1978లోనే అభయారణ్యం చేశారు. 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. బావురు పిల్లులున్నాయి. అడవిలోకి చెక్క వంతెన వేశారు, పడవలున్నాయి. నేను కాకినాడలో పెరిగి కూడా ఆ వంతెన మీద నడవలేదు. సన్నీవేల్‌లో ఏడేళ్ళు నీటికి వీపు పెట్టానని మొదట్లో రాశాను. లెక్క సరిచేసుకుంటే ఇంకా చాలా ఏళ్ళు కలపాలి.

ఇంటికొస్తూ నా మనసులో ఉన్నది నాన్నతో అన్నాను. రేవు చచ్చిపోతే పార్కు చేస్తారు, కూలీ చచ్చిపోతే బోర్డు పెడతారు, లేకపోతే అదీ పెట్టరు, మనం ఆ పైన నడుచుకుంటూ పక్షుల ఫొటోలు తీసుకుంటాం, ఇది మర్చిపోవడానికి ఒక అందమైన పద్ధతి కాదా అని. నాన్న కాసేపు మాట్లాడలేదు. 237 మీద ఎగ్జిట్ దాటాక అన్నారు: "నడవకపోతే నువ్వు ఆ గోడ చూసేవాడివా? నేను మా తాత గురించి నీకు చెప్పేవాణ్ణా? రావడం తప్పు కాదురా. వచ్చి అడక్కపోవడం తప్పు."

అందుకని ఈ వ్యాసం. మీ అమ్మానాన్నలు వచ్చి ఐదో వీకెండు గడవక మీరు బుర్ర గోక్కుంటుంటే, అల్వీసోకి వెళ్ళండి. ఖర్చు పెట్రోలే. మెరీనా కౌంటీ పార్కు నుంచి ఉప్పుమళ్ళ గట్ల మీద ఎంతసేపైనా నడవొచ్చు. గాలి ఎక్కువ, నీడ ఉండదు, టోపీ మర్చిపోవద్దు. శరణాలయం వాళ్ళ ప్రకృతి విద్యా కేంద్రం దగ్గర చిత్తడి మీదుగా చెక్క వంతెన ఉంది. కేంద్రం తెరిచే వేళలు ముందే చూసుకోండి. చలికాలంలో ఉత్తరాది నుంచి దిగే పక్షులు వేలల్లో ఉంటాయి. పొడుగు ఎర్ర కాళ్ళ స్టిల్టులు, ముక్కు పైకి వంగిన అవోసెట్లు, తెల్ల పెలికాన్లు. సొంత కయాకు ఉన్నవాళ్ళకి 2010లో కట్టిన పడవల ర్యాంపు ఉంది. పోటు ఎప్పుడో చూసుకుని దిగండి, పాటుకి బురదలో కూరుకుపోతారు. ఇది నా సలహా కాదు, పోర్టు ఆఫీసు గుమాస్తాగారిది. తిరిగొచ్చేటప్పుడు హోప్ స్ట్రీట్‌లో ఆ గోడ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు కోరంగి వంతెన మీద కూడా నడవండి. నేనూ నడుస్తాను.

చివరగా ఒక చిన్న సంగతి. ఆ రాత్రి మా అమ్మాయి నాన్నని అడిగింది, "తాతయ్యా, మీ తాతయ్య పేరేంటి?" అని. నాన్న నోరు తెరిచి ఆగిపోయారు. ఇంట్లో అందరూ ఆయన్ని 'రంగూన్ తాత' అనేవారట. అసలు పేరు ఆయనకే తెలీదు. మర్నాడు పొద్దున్నే తాళ్ళరేవులో ఉండే మా మేనత్తకి ఫోను చేశారు. ఎనభై దాటిన మనిషి. రెండుసార్లు అడిగించుకుని, అటు ఎవరితోనో మాట్లాడి, చెప్పింది. నాన్న ఫోను పెట్టేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డారు.

ఆ పేరు మా అమ్మాయి ఒక కాగితం మీద రాసింది. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. తెలుగులో ఒక వత్తు తప్పు పెడితే నాన్న దిద్దించారు. ఆ కాగితం ఇప్పుడు మా ఫ్రిజ్ మీదుంది.